పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు చౌక పెల్లెట్లు: కొన్నేళ్ళ వాడకం తర్వాత

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధనలో తుపాకీకి ఒకసారి డబ్బు పెడితే సరిపోతుంది, అందులో కాల్చే చిన్న సీసపు గుళ్ళకు, అంటే పెల్లెట్లకు మాత్రం పెడుతూనే ఉండాలి. అరవై షాట్ల మ్యాచ్ ఒకటీ, దానికి ముందు సైట్లు (గురి చూసే అమరికలు) సరిచూసుకునే షాట్లూ కలిపితే రోజుకు వంద పెల్లెట్లు ఇట్టే అయిపోతాయి. ఐదు వందల డబ్బా వారం రోజులు కూడా రాదు. నేను ప్రొద్దుటూరులో మా ఇంటి వెనుక ఉన్న గోదామును రేంజిగా మార్చుకుని, గాలి సిలిండరుతో పనిచేసే మ్యాచ్ రైఫిల్‌తో కాలుస్తున్నాను. జర్మనీ నుంచి వచ్చే ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ రకాలనూ, మన దేశంలో తయారయ్యే రెండు మూడు చౌక రకాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాకాలం వాడిన మీదట ఏర్పడిన అభిప్రాయం ఇది. దేశీయ రకాల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఒకే పేరుతో వచ్చిన రెండు డబ్బాల మధ్య నాకు కనిపించిన తేడా, రెండు పేర్ల మధ్య కనిపించిన తేడా కంటే ఎక్కువ. ఒక దిగుమతి డబ్బా ధరకు ఇవి దాదాపు మూడు వస్తాయి కనుక, వీటిని పూర్తిగా వద్దనుకునే స్తోమత మాలో చాలామందికి లేదు. వీటిలో మంచివాటిని ఎలా ఏరుకోవాలన్నదే ఇక్కడ విషయం.

కొత్తవారి కోసం రెండు మాటలు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల క్యాలిబరును, 20 జౌళ్ళ శక్తిని మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అవసరం లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. ఇక పెల్లెట్లలో తల చదునుగా ఉన్నవి, గుండ్రంగా ఉన్నవి, మొన తేలినవి దొరుకుతాయి. కాగితంపై కాల్చేవారికి చదును తలవే కావాలి, ఎందుకంటే అవి అంచు శుభ్రంగా తెగిన గుండ్రని రంధ్రం చేస్తాయి. మిగతావి కాగితాన్ని చింపుకుంటూ పోవడం వల్ల రంధ్రం గీతను తాకిందో లేదో తేల్చలేక వాదనలు వస్తాయి. దుకాణాల్లో మొన తేలినవాటిని ‘పవర్ ఎక్కువ’ అని చెప్పి అంటగడుతుంటారు. ఆ పవర్ ఎవరి మీద చూపించాలో వారు చెప్పరు. మన చుట్టూ తిరిగే పక్షుల్లో చాలావాటిని కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

చౌక రకం ఎంతవరకు సరిపోతుందో టార్గెట్ కొలతలనుబట్టే తెలుసుకోవచ్చు. అంతర్జాతీయ ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే 0.5 మిల్లీమీటర్ల చుక్క. పెల్లెట్ అంచు దానిని తాకితే పది వచ్చినట్లే. అంటే పెల్లెట్ మధ్యభాగం కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపల పడాలి, అక్కడినుంచి లోపలికి జరిగే ప్రతి పావు మిల్లీమీటరుకూ పదో వంతు పాయింటు పెరుగుతూ 10.9 దాకా వెళ్తుంది. ఈ లెక్కన రైఫిల్‌ను బిగించి కాల్చిన గ్రూపు, అంటే ఒకే గురికి వరుసగా కాల్చిన షాట్ల రంధ్రాల గుంపు, బయటి అంచునుంచి బయటి అంచుకు 9.5 మిల్లీమీటర్లు ఉన్నా, అది సరిగ్గా మధ్యలో పడితే అన్నీ పదులే. నా రైఫిల్‌లో మంచి దిగుమతి డబ్బా ఆరు మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా గ్రూపు ఇస్తుంది, ఏరిన దేశీయ రకం ఎనిమిది లోపల ఇస్తుంది. ఎనిమిదులూ తొమ్మిదులూ కొట్టే పిల్లవాడికి ఈ తేడా తెలియనే తెలియదు, ఎందుకంటే అతడి చేతిలో రైఫిల్ ఊగే ఊపు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. అలాంటి పిల్లల చేత మొదటినుంచీ ఖరీదైన డబ్బాలు కొనిపించే కోచ్‌లను చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఏరకుండా వాడితే వచ్చే చిక్కు మాత్రం గ్రూపు వెడల్పుతో సంబంధం లేనిది. తొమ్మిది పెల్లెట్లు ఒకచోట పడి, పదోది ఏ కారణమూ లేకుండా ఎనిమిదిలోకి దూకుతుంది. దీన్నే మేము ఫ్లయర్ అంటాం. నేర్చుకునేవాడు ట్రిగ్గర్ విడిచిన క్షణంలో సైట్ ఎక్కడ ఉందో గుర్తుపెట్టుకుని, షాట్ ఎక్కడ పడి ఉంటుందో కాగితం చూడకముందే చెప్పగలగాలి. షాట్ కాల్ చేయడం అనే ఈ అలవాటు కుదిరితేనే అతడు తన తప్పును తాను పట్టుకోగలుగుతాడు. సొట్టపడ్డ పెల్లెట్ ఈ అలవాటును మొదటికే చెడగొడుతుంది: తాను సరిగ్గానే విడిచాడు, కాగితం కాదంటుంది, కాగితాన్ని నమ్మి సైటుకు రెండు క్లిక్కులు తిప్పుతాడు, తర్వాతి మంచి పెల్లెట్ ఇంకోవైపు పడుతుంది, ఇక భుజం మీద రైఫిల్ ఆనించే పద్ధతినే మార్చడం మొదలుపెడతాడు. కనుక చౌక పెల్లెట్ కొంచెం వెడల్పుగా కొట్టినా నాకు అభ్యంతరం లేదు, కానీ అన్నీ ఒకేలా కొట్టాలి.

ఫ్లయర్లకు కారణం చాలావరకు పెల్లెట్ వెనుక భాగమైన స్కర్ట్ అంచులో ఉంటుంది. గాలి తోసేది ఆ పలుచని అంచునే, బ్యారెల్ గాడులను పట్టుకుని గాలి పక్కనుంచి జారకుండా ఆపేదీ అదే. అక్కడ గోరు గుచ్చినంత సొట్ట ఉన్నా పెల్లెట్ వంకరగా బయటపడుతుంది. దీన్ని పట్టుకోవడానికి పరికరాలేవీ అక్కరలేదు, మన వంటింటి గట్టుకు వేసే పాలిష్ పట్టిన కడప నాపరాయి పలక ఒకటి చాలు. పలకను ఒకవైపు కొద్దిగా ఎత్తి, పైఅంచునుంచి పెల్లెట్‌ను పక్కకు పడుకోబెట్టి వదిలితే, తలకూ స్కర్ట్‌కూ వ్యాసంలో తేడా ఉండటంవల్ల అది నేరుగా రాకుండా విల్లులా వంగి దొర్లుతుంది. మంచివన్నీ దాదాపు ఒకే వంపులో వచ్చి ఒకేచోట చేరతాయి. సొట్ట ఉన్నది తడబడుతూ వస్తుంది, తల కొలత తేడాగా ఉన్నది వేరే చోటికి పోతుంది. నల్లని రాయిమీద బూడిదరంగు సీసం బాగా కనిపిస్తుంది కనుక రాత్రి లైటు కిందైనా ఈ పని సాగుతుంది. దేశీయ డబ్బాలో పదింట ఒకటో రెండో ఇలా పక్కకు పోతాయి. వాటిని పారేయకుండా, కొత్త పిల్లలు ట్రిగ్గర్ అలవాటు చేసుకునేందుకు టార్గెట్ లేని ఖాళీ కాగితంపై కాల్పిస్తాను.

బరువు చూసి వేరుచేయడం గురించి గొప్పగా చెబుతారు, నేనూ చేసి చూశాను. బంగారం వ్యాపారానికి పేరుపడ్డ ఊరు కనుక మిల్లీగ్రాము చూపే త్రాసుకు ఇక్కడ కొదవ లేదు. పెల్లెట్లను ఒక్కొక్కటిగా తూస్తుంటే మా వీధి ఆచారి, “ఏందన్నా, సీసానికి కూడా తరుగు తీయాల్నా?” అని నవ్వాడు. దిగుమతివి 0.53 గ్రాములకు మూడు నాలుగు మిల్లీగ్రాముల తేడాలోనే ఉన్నాయి, దేశీయ వాటిలో ఇరవై మిల్లీగ్రాముల తేడా కూడా కనిపించింది. అయితే సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్ళే పెల్లెట్ పది మీటర్లలో కిందికి దిగేది సుమారు 17 మిల్లీమీటర్లే. ఇరవై మిల్లీగ్రాములు బరువెక్కితే ఆ దిగుడు మరో 0.6 లేదా 0.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే పోయేది పాయింటులో రెండు మూడు పదో వంతులు. ఒక్క సొట్ట తినేసే రెండు పాయింట్లతో పోలిస్తే ఇది చిన్నది. తూచే ఓపికను రాయిమీద దొర్లించడానికి వెచ్చిస్తే ఫలితం ఎక్కువ.

డబ్బా మీద 4.49, 4.50 అని ముద్రించే తల కొలత మాత్రం చూడదగ్గది. నా బ్యారెల్‌కు 4.50 కుదిరింది, పక్కింటి కుర్రాడి రైఫిల్‌కు అదే తయారీలో 4.49 మెరుగ్గా పనిచేసింది. ఇది బ్యారెల్ తేల్చాల్సిందేగాని మనం ఊహించేది కాదు. చాలా దేశీయ డబ్బాలమీద ఈ అంకె ఉండదు. అందుచేత ముందు ఒక్క డబ్బా తెప్పించి, రైఫిల్‌ను ఇసుక సంచులమీద ఆనించి ఐదైదు షాట్ల గ్రూపులు కొన్ని కాల్చి చూసి, నచ్చితే అదే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవని తెలిపే అంకె) ఉన్నవి ఇంకొన్ని పంపమని అడగాలి. లాట్ నంబరు చెప్పలేని అమ్మకందారు దగ్గర పెద్ద మొత్తంలో కొనకపోవడమే మంచిది.

ఇక్కడి దుకాణాల్లో మ్యాచ్ పెల్లెట్లు నిల్వ ఉండవు, హైదరాబాదునుంచో బెంగళూరునుంచో కొరియర్‌లో రావాలి. డబ్బాలో ఖాళీ ఉంటే దారి పొడవునా అవి ఒకదానికొకటి కొట్టుకుని సొట్టలు పడతాయి, సీసం అంత మెత్తన. మూత కింద స్పాంజి పెట్టి పంపమని ముందే చెబితే నష్టం బాగా తగ్గుతుంది. మా ప్రాంతంలో నాపరాళ్ళ పాలిషింగ్ దుమ్ము ఎక్కడైనా వాలుతుంది. పెల్లెట్‌పై ఉండే సన్నని జిడ్డుకు అది పట్టుకుని బ్యారెల్‌లోకి పోతుంది కనుక కాల్చేటప్పుడు కూడా డబ్బా మూసే ఉంచి, కావలసినన్ని మాత్రమే చిన్న గిన్నెలోకి తీసుకుంటాను. పెల్లెట్లను నోట్లో పెట్టుకోవడం, కాల్చిన చేతులతో తినడం కూడదని పిల్లలకు గట్టిగా చెప్పాలి. టార్గెట్ వెనుక బండ గోడ ఉంటే ముక్కలు వెనక్కి ఎగురుతాయి, వాలుగా ఇనుప రేకు అమర్చిన పెట్టె తప్పనిసరి.

ప్రస్తుతం నేను నాలుగు దేశీయ డబ్బాలకు ఒక దిగుమతి డబ్బా చొప్పున తెప్పించుకుంటున్నాను. రోజువారీ సాధన అంతా రాయిమీద ఏరిన దేశీయ వాటితోనే సాగుతుంది. పోటీకి వారం ముందు దిగుమతి రకానికి మారి, సైట్లు మళ్ళీ సరిచేసుకుంటాను, ఎందుకంటే రెండు రకాలూ ఒకే చోట పడవు. షాటుకు సగటు 10.3 పాయింట్లు దాటినవారు ఈ నిష్పత్తిని మార్చుకోవచ్చు. అక్కడికి చేరనివారు ఆ డబ్బుతో మంచి షూటింగ్ జాకెట్ కొనుక్కోవడం నయం.