మూడేళ్లుగా వాడుతున్న థ్రాటిల్, ముప్పుతిప్పలు పెట్టిన కుడి లివర్

కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ (సిమ్) అనే ఆటలో ఎయిర్‌బస్ ఏ320 విమానం నడపడానికని ఈ థ్రాటిల్ క్వాడ్రంట్, అంటే ఇంజన్ల పవర్ పెంచే తగ్గించే రెండు లివర్ల పెట్టె, కొని మూడేళ్లు దాటింది. వారానికి నాలుగైదు ఫ్లైట్లు, ఎక్కువగా షంషాబాద్ నుంచి వైజాగ్‌కో తిరుపతికో. రాత్రి భోజనాల వేళకే నేను టేకాఫ్‌కి కూర్చుంటాను కాబట్టి, "ఎక్కే ముందు తింటావా, దిగాక తింటావా?" అని అమ్మ వంటింట్లోంచి అడగడం మా ఇంట్లో మామూలే. కంపెనీ పేరు రాయడం లేదు. లోపల పొటెన్షియోమీటర్ (లివర్ ఎక్కడుందో కొలిచే చిన్న భాగం) ఉన్న ఏ థ్రాటిల్‌కైనా, ముట్టుకోకుండానే లివర్ కదిలినట్టు చూపించే ఈ జబ్బు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ముందు మంచి మాటలు చెప్పేస్తాను. లివర్లు బరువుగా, నింపాదిగా కదులుతాయి. ఐడిల్ (అతి తక్కువ పవర్), క్లైంబ్ (పైకెక్కే పవర్), ఫ్లెక్స్ (కాస్త తగ్గించిన టేకాఫ్ పవర్), టోగా (పూర్తి పవర్) గాళ్లలో టక్కుమని పడతాయి, చూడక్కర్లేదు, చేతికే తెలుస్తుంది. దిగాక వేగం తగ్గించడానికి రివర్స్‌కి లాగే పిడి మూడేళ్లలో ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. అంకెల మీది తెల్ల రంగు అక్కడక్కడా పోయింది, అంతే. మొదటి ఏడాది నన్ను అడిగి ఉంటే కళ్లు మూసుకుని కొనేయమనేవాణ్ని.

రెండో ఎండాకాలంలో మొదలైంది గొడవ. టేకాఫ్ అయి 1500 అడుగులు ఎక్కాక, ఎదురుగా స్క్రీన్ మీద ఎల్‌విఆర్ క్లైంబ్ అని తెల్లగా మెరవడం, మనం లివర్లు క్లైంబ్ గాడిలోకి లాగడం, పవర్‌ని తనే చూసుకునే ఆటోథ్రస్ట్ అందుకోవడం, ఇదీ రోజూ జరిగేది. ఆ రోజు అంతా అలాగే జరిగింది. ఐదు నిమిషాలు తిరక్కుండానే నారింజ రంగులో ఎల్‌విఆర్ అసిమ్ అని వచ్చింది. అంటే ఒక లివర్ గాడిలో ఉంది, రెండోది లేదు అని. కళ్లముందు చూస్తే రెండూ గాడిలోనే ఉన్నాయి. కాస్త వెనక్కీ ముందుకీ ఆడిస్తే పోయింది. మళ్లీ వచ్చింది. కుడి ఇంజన్ ఎన్1 (ముందు ఫ్యాన్ తిరిగే వేగం) ఎడమదానికన్నా రెండు మూడు అంకెలు వెనకబడుతోంది.

సిమ్‌లోని విమానం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన వారమే ఇది కావడంతో అనుమానం దాని మీదికి పోయింది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. సెట్టింగులన్నీ చెరిపి మొదటినుంచి పెట్టాను. రెండు ఆదివారాలు గంగలో కలిశాయి. ఆ విమానానిది ఏ తప్పూ లేదని తర్వాత తేలింది.

కనిపెట్టింది నేను కాదు, మా అమ్మాయి. గేర్ (చక్రాలు) ఎత్తే డ్యూటీ తనది. గేర్ ఎత్తాక ఇంక పనేమీ లేక స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుని, "నాన్నా, ఆ నీలం చుక్క వణుకుతోంది" అంది. ఎన్1 గేజ్ అంచు మీద చిన్న నీలం వలయం ఉంటుంది. అందరూ డోనట్ అంటారు. మన లివర్ ఎక్కడుందని విమానం అనుకుంటోందో అది చూపిస్తుంది. నా చేయి లివర్ మీద లేదు, అయినా కుడి ఇంజన్ డోనట్ చీమ కుట్టినట్టు అటూ ఇటూ కదులుతోంది. ఎడమది రాయిలా ఉంది.

ఏ320 థ్రాటిల్ గురించి నాలుగు ముక్కలు ఇక్కడే చెప్పాలి, లేకపోతే ఈ డోనట్ విలువ అర్థం కాదు. అసలు విమానంలోనే ఆ లివర్‌కీ ఇంజన్‌కీ మధ్య లాగే ఇనుప తీగ లేదు. లివర్ ఎన్ని డిగ్రీల దగ్గర ఉందో ఫాడెక్ అనే కంప్యూటర్ చదువుకుంటుంది: ఐడిల్ 0, క్లైంబ్ 25, ఫ్లెక్స్ 35, టోగా 45. క్లైంబ్ గాడిలో పెట్టాక ఆటోథ్రస్ట్ తనకు కావలసినంత పవర్ పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది, లివర్ మాత్రం కదలదు. కొత్తగా వచ్చినవాళ్లు ఇది చూసి "ఇంజన్ నా మాట వినడం లేదు" అని కంగారు పడుతుంటారు. అది జబ్బు కాదు, దాని పద్ధతే అంత. కాబట్టి సూది కదిలి, డోనట్ నిలకడగా ఉంటే పని చేస్తున్నది ఆటోథ్రస్ట్. మీ చేయి పడకుండా డోనట్ కదిలితే దొంగ మీ టేబుల్ మీదే ఉన్నాడు.

విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల కాలిబ్రేషన్ (లివర్ అంకెలు సరిచూసుకునే) తెర తెరిచి లివర్లు పంపే ముడి అంకెలు చూశాను. నా థ్రాటిల్ 0 నుంచి 1023 వరకు చదువుతుంది. ఎడమ లివర్ గాడిలో 640 దగ్గర ఒకటీ అరా తేడాతో నిలబడింది. కుడిది 612, 655, 630, మళ్లీ 608. ముట్టుకోకుండానే. లివర్‌ని ఒకటికి పదిసార్లు చివరి నుంచి చివరి వరకు ఆడిస్తే కాసేపు నెమ్మదించింది. దుమ్ము పట్టిందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? మాది కిటికీ పక్క టేబుల్, ఎండాకాలం కూలర్ గాలి నేరుగా దాని మీదికే.

అప్పుడు చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఫ్లైబైవైర్ అనే బృందం సిమ్ కోసం ఉచితంగా ఇచ్చే ఏ320నియో విమానంలో, కాక్‌పిట్‌లోని టాబ్లెట్ లోపలే థ్రాటిల్ కాలిబ్రేషన్ ఉంది. ఒక్కో గాడిలో లివర్ పెట్టి బటన్ నొక్కితే ఆ విలువ గుర్తుపెట్టుకుంటుంది. చుట్టూ ఎంత తేడాను క్షమించాలో డెడ్‌బ్యాండ్‌తో చెప్పొచ్చు. నేను వాడిన వాటిలో ఇంత శుభ్రమైన కాలిబ్రేషన్ ఇంకోటి లేదు. దాన్ని అడ్డం పెట్టుకుని క్లైంబ్ గాడికి డెడ్‌బ్యాండ్ బాగా పెంచేశాను. అసిమ్ గొడవ పోయింది. జ్వరం మాత్ర వేసుకుని గాయాన్ని మర్చిపోయినట్టు నెల రోజులు హాయిగా తిరిగాను.

ఆ హాయి వైజాగ్‌లో దిగిపోయింది, అక్షరాలా. నేవీ వాళ్ల ఐఎన్‌ఎస్ డేగాతో కలిసి ఉన్న ఆ రన్‌వే మీదికి దిగుతున్నాను. 20 అడుగుల దగ్గర "రిటార్డ్, రిటార్డ్" (లివర్లు వెనక్కి లాగు) అని విమానం అరవడం మొదలుపెట్టింది. రెండు లివర్లూ ఐడిల్‌కి లాగాను. అయినా అరుస్తూనే ఉంది. చక్రాలు తాకాయి, విమానాన్ని నేలకి అదిమే రెక్కల మీది పలకలు, స్పాయిలర్లు, లేవలేదు. విమానం రన్‌వే మీద తేలుతున్నట్టుగా పోతోంది. కుడి లివర్ ఐడిల్‌కి వచ్చిందని విమానం నమ్మలేదన్న మాట. క్లైంబ్ గాడి దగ్గరే కాదు, ఈసారి అడుగున కూడా అంకె సున్నాకి రావడం లేదు.

2007 జులై 17న బ్రెజిల్‌లో సావో పాలో కాంగోన్యాస్ విమానాశ్రయంలో టామ్ విమాన సంస్థ ఏ320 దిగినప్పుడు కుడి లివర్ క్లైంబ్ దగ్గరే ఉండిపోయింది. స్పాయిలర్లు తెరుచుకోలేదు, విమానం రన్‌వే దాటి పోయింది. 199 మంది చనిపోయారు. దాని గురించి ఇంతకుముందు చదివి ఉన్నాను. కానీ ఆ రాత్రి "రిటార్డ్" ఆగకుండా వినబడుతుంటే, ఆట అని తెలిసి కూడా నా చేతులు చల్లబడ్డాయి. డెడ్‌బ్యాండ్ వెనక్కి తగ్గించి స్క్రూడ్రైవర్ తీశాను.

కోఠి గుజరాతీ గల్లీలో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొన్నాను. తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టకండి, అది జిడ్డు పట్టి ఇంకా దుమ్ము లాగుతుంది. అడుగు మూత విప్పి, పొటెన్షియోమీటర్ పక్కనున్న సందులోకి రెండు చిన్న చిమ్ములు చిమ్మి, లివర్‌ని యాభై సార్లు ఆడించి, రాత్రంతా ఆరబెట్టాను. ఏడు నెలలు అద్భుతంగా పనిచేసింది. తర్వాత మళ్లీ మొదలైంది. లోపలి కార్బన్ పూత అరిగిపోయాక స్ప్రే ఏం చేస్తుంది? చివరికి అదే విలువ, అదే కొలత ఉన్న కొత్త పొటెన్షియోమీటర్ తెచ్చి మూడు తీగలు టంకం పెట్టుకున్నాను. ఆ తర్వాత కాలిబ్రేషన్ మొదటినుంచి చేయాలి, పాత విలువలు పనికిరావు.

థ్రాటిల్ దానంతట అది కదిలితే ప్రతిసారీ పొటెన్షియోమీటరే కారణం కాదు. నా దగ్గరే ఇంకో రెండు బయటపడ్డాయి. జాయ్‌స్టిక్ అడుగున ఉన్న చిన్న స్లైడర్‌ని ఎప్పుడో నేనే థ్రాటిల్‌కి పెట్టుకుని మరిచిపోయాను. మోచేయి తగిలినప్పుడల్లా పవర్ పడిపోయేది. రెండోది యూఎస్‌బీ హబ్. కాసేపు కదిలించకపోతే నిద్రపోయి, లేవగానే తప్పు అంకె పంపేది. కంప్యూటర్ వెనక పోర్టుకే నేరుగా పెట్టాక పోయింది.

బోయింగ్ 737 నడిపేవాళ్లకి ఈ వణుకు ఇంకో రకంగా తగులుతుంది. అసలు 737లో ఆటోథ్రాటిల్ మోటార్లతో లివర్లనే జరుపుతుంది. మన టేబుల్ మీదివి జరగవు. టేకాఫ్‌లో 84 నాట్ల దగ్గర థ్రాటిల్ హోల్డ్ రాగానే మోటార్లు చేయి వదిలేస్తాయి. ఆ క్షణం నుంచి సిమ్ మీ లివర్ అంకెనే తీసుకుంటే, వణికే లివర్‌తో ఎన్1 అక్కడికక్కడే ఊగుతుంది. మన లివర్ ఎప్పుడు మధ్యలో తలదూర్చొచ్చో పెట్టుకునే సెట్టింగ్ చాలా 737లలో ఉంటుంది, వెతికి చూడండి.

మళ్లీ కొంటానా అంటే, ఇదే మోడల్ కొనను. ఈసారి హాల్ సెన్సార్ ఉన్నదే తీసుకుంటాను. అందులో అయస్కాంతం తిరుగుతుంది తప్ప ఒకదాన్నొకటి రాసుకునేది ఏమీ లేదు, అరగదు. ధర ఎక్కువే. టంకం పెట్టడం వచ్చి, ఓపిక ఉన్నవాళ్లకి మాత్రం సెకండ్ హ్యాండ్‌లో నా మోడలే చవక బేరం, గాళ్ల ఆ టక్కు శబ్దం కోసమైనా.

ప్రస్తుతానికి కుడి లివర్ రాయిలా ఉంది. మొన్న తిరుపతి దారిలో మా అమ్మాయి మళ్లీ గేజ్ వైపు వేలు చూపించింది, ఈసారి ఎడమ డోనట్. పొటెన్షియోమీటర్ రెండోది అప్పుడే తెచ్చి పెట్టుకోవాల్సింది.