లొట్టపీసు: నరకడమా, పెకలించడమా?

చెరువు శిఖం (చెరువులో నీళ్లు నిలిచే నేల) నిండా లేత ఊదారంగు గరాటు పూలతో కనిపించే లొట్టపీసు (కోస్తాలో తూటికాడ) ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన పొద. నీళ్లలో నిలుస్తుంది, చెరువు ఎండినా చావదు. దానికి కావాల్సిందల్లా ఎండ.

కొడవలితో నరకడం చవక, తొందరగా అవుతుంది. కాలువకు నీరొదిలే ముందు దారి చేయాలంటే ఇదే మార్గం. కానీ మొదలు భూమిలోనే ఉంటుంది, వాన పడగానే మళ్లీ చిగుళ్లేస్తుంది. అంతకంటే పెద్ద తప్పు నరికిన కాడల్ని నీళ్లలోనే వదిలేయడం. కాడ లోపల బోలు కాబట్టి తేలిపోతుంది, ఒడ్డున బురద తగిలితే కణుపు దగ్గర వేరు దిగుతుంది. ఒక పొద పది పొదలవుతుంది.

పెకలించడానికి ఎక్కువమంది కూలీలు కావాలి. వేసవిలో నీరు తగ్గి, నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడే పని పెట్టుకోవాలి. పగుళ్లిచ్చాక లాగితే కాడ తెగి వేరు లోపలే ఉండిపోతుంది. గడ్డపారతో మొదలు చుట్టూ కదిలించి, వేరుతో సహా తీసి, గట్టుకు దూరంగా గట్టి నేల మీద వేళ్లు పైకి ఉండేలా పేర్చాలి. కాడ పుటుక్కున విరిగేదాకా ఎండాలి.

చెరువుకైతే పెకలించడమే మేలు. మరుసటి వానల్లో మొలకల్ని చేత్తో పీకేయాలి.

కాడ తెగితే కారే తెల్లటి పాలు కంట్లో పడనీయొద్దు. మేకల్ని తోలి తినిపిద్దామనుకోవద్దు: ఆకులోని స్వైన్సోనిన్ అనే విషం వాటి నరాలను దెబ్బతీస్తుంది.