సిడ్నీ మనవరాలికి ఎంవీపీ కాలనీలో లెక్కల ట్యూషన్: ఏడాది ఫీజు కట్టిన అమ్మమ్మ మాట

మా అమ్మాయి వాళ్ళు సిడ్నీలో ఉంటారు. మనవరాలు అక్కడ పన్నెండో తరగతి చదివింది. లెక్కల ట్యూషన్ మాత్రం మన విశాఖ ఎంవీపీ కాలనీలో, రైతు బజారుకు రెండు వీధుల అవతల, ఒక మేడ రెండో అంతస్తులో కూర్చుని ఆన్‌లైన్‌లో చెప్పే మాస్టారి దగ్గర. వారానికి మూడు క్లాసులు, నెలకు ఏడు వేలు. అక్కడివాళ్ళు అడిగే దానిలో ఇది నాలుగో వంతు కూడా కాదని అల్లుడు తేల్చాడు. నేనుండేది పెదవాల్తేరులో కాబట్టి ఫీజు నెలనెలా నేనే వెళ్ళి కట్టేదాన్ని. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. డబ్బు చేతిలో పెట్టి వచ్చేయడానికి మనసొప్పక, వెళ్ళినప్పుడల్లా వెనక కుర్చీలో కూర్చుని పాఠం వినేదాన్ని. ఆయన పేరు రాయడం లేదు. రాయవద్దని ఆయనే అన్నారు, ఇప్పటికే పిల్లలు ఎక్కువయ్యారట.

ఈయనకు నేను ఎక్కువ మార్కులు వేసేది కలనగణితం చెప్పినందుకు కాదు. అది ఎవరైనా చెబుతారు. బడి మార్కులు చివరి ఫలితంలోకి ఎలా వెళతాయో ఒక మధ్యాహ్నం బోర్డు మీద చూపించినందుకు.

అక్కడి పరీక్ష పేరు హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానిది. తుది మార్కులో సగం ఏడాది చివర రాసే పబ్లిక్ పరీక్షది, సగం బడిలో పెట్టిన పరీక్షలది. సగం బడి చేతిలో ఉందనగానే నాకు అనుమానం వచ్చింది. మన రాష్ట్రంలో పదో తరగతికి 20 ఇంటర్నల్ మార్కులున్న రోజులు చూసినదాన్ని. ప్రాజెక్టు ముఖం చూడని పిల్లవాడికి కూడా 18 వేసేవాళ్ళం. వేయకపోతే పక్క బడి ముందుకు పోతుందని స్టాఫ్ రూములో భయం. 2019లో ఆ ఇరవై ఎత్తేస్తే పీడ వదిలిందనుకున్నాను.

"అక్కడి బళ్ళన్నీ సత్యహరిశ్చంద్రులు నడుపుతున్నారా మాస్టారూ?" అని అడిగాను.

ఆయన నవ్వి, బోర్డు తుడిచి, ఐదుగురు పిల్లలున్న బడిని గీశారు. బడి వాళ్ళకు వేసిన మార్కులు 90, 84, 70, 60, 46. అదే వరసలో ఆ పిల్లలు పబ్లిక్ పరీక్షలో తెచ్చుకున్నవి 76, 84, 66, 54, 40. బడి మార్కులు కూడితే 350, పరీక్షవి కూడితే 320. అంటే బడి చెయ్యి 30 మార్కుల మేర ధారాళంగా ఉంది. అక్కడి బోర్డు, నెసా అంటారు, ఆ బడి మార్కులను పరీక్ష కొలతలోకి దించుతుంది. పై మార్కు ఆ బడికి పరీక్షలో వచ్చిన పై మార్కుతో సమానం కావాలి. సగటు సగటుతో కలవాలి. అడుగు మార్కు వీలైనంతవరకు అడుగు మార్కుకు చేరాలి. బడి పెట్టిన వరస మాత్రం మారదు. నిజం బళ్ళలో దీనికి ఒక వర్గ బహుపదిని, అంటే x² ఉండే సూత్రాన్ని, వాడతారు. ఆయన ఎంచుకున్న అంకెల్లో మాత్రం అందరికీ ఆరేసి తీస్తే సరిపోయింది: 84, 78, 64, 54, 40. మొత్తం 320.

నాకు అక్కడే ఒక ముల్లు గుచ్చుకుంది. పరీక్షలో 84 తెచ్చుకున్నది రెండో పిల్ల. ఆ 84 బడి మార్కుగా మొదటి పిల్లకు వెళ్ళింది. ఒకరి కష్టం ఇంకొకరి ఖాతాలో వేయడం ఏమి న్యాయం?

"చివరి దాకా కూడండి మేడమ్" అన్నారు. మొదటి పిల్లకు పరీక్షలో 76, బడిది 84, సగటు 80. రెండో పిల్లకు 84, 78, సగటు 81. ఏడాదంతా ముందున్న పిల్ల పరీక్ష రోజున తడబడినా మునిగిపోలేదు, పరీక్షలో మెరిసిన పిల్ల ఒక మార్కు పైనే నిలిచింది. ఇంటికి వచ్చి క్యాలెండరు కాగితం వెనక నేనూ వేసి చూసుకున్నాను. సరిపోయింది. అందరికీ 19, 20 పంచిపెట్టే బడికి ఈ పద్ధతిలో దక్కేది ఏమీ లేదు. పైగా పిల్లల మధ్య తేడా చెరిపేసి, బాగా చదివిన పిల్లకే అన్యాయం చేసినట్టవుతుంది.

ఇది విన్నాక నాకు మా అబ్బాయి కొడుకు గుర్తొచ్చాడు. వాడు ఇక్కడే విశాఖలో, 2021లో సీబీఎస్‌ఈ పదో తరగతి. కరోనా వల్ల పరీక్ష రద్దయింది. ఇంటర్నల్ 20 పోగా మిగిలిన 80లో యూనిట్ టెస్టులకు 10, అర్ధ సంవత్సర పరీక్షకు 30, ప్రీబోర్డుకు 40 ఇచ్చారు. ప్రిన్సిపాల్‌తో పాటు ఏడుగురు టీచర్ల కమిటీ, అందులో ఇద్దరు ఇరుగుపొరుగు బళ్ళవాళ్ళు. అంతవరకు బాగానే ఉంది. కానీ గడచిన మూడేళ్ళలో బడికి బాగా వచ్చిన ఏడాదిని కొలబద్దగా పెట్టి, బడి సగటు దానికన్నా 2 మార్కులకు మించి పెరగకూడదన్నారు. వాడి బడిలో ముందు బ్యాచ్‌లు అంతంతమాత్రం. ఆగస్టు 3న ఫలితం చూసుకుని, "నానమ్మా, అన్నయ్యలు చదవకపోతే నాకెందుకు కోత?" అన్నాడు. పరీక్షే లేని ఏడాది బోర్డుకు మాత్రం ఇంకో కొలత ఎక్కడ దొరుకుతుంది అని సర్దిచెప్పాను కానీ, ఆ మాట నాకే ఆనలేదు. సిడ్నీ పద్ధతిలో కొలబద్ద ఆ పిల్లలే, ఆ ఏడాదే, వాళ్ళు రాసిన పరీక్షే. ఆ తేడా ఈ మాస్టారి బోర్డు ముందు కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

మనవరాలి బడి చిన్నది. తోటి పిల్లలు వెనకబడితే దీన్ని కూడా కిందికి లాగుతారని మా అమ్మాయి బడి మార్పించాలని చూసింది. మాస్టారు వద్దని, మనవరాలితో ఇలా చెప్పారు. "మార్చే బదులు ఆ వెనకబడిన వాళ్ళకు నువ్వే చెప్పమ్మా. వాళ్ళ పరీక్ష మార్కు పెరిగితే బడి సగటు పెరుగుతుంది, నీ బడి మార్కు కూడా దానితో లేస్తుంది" అన్నారు. ఆ ఆదివారం నుంచి నలుగురు పిల్లలు మా అమ్మాయి ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చేరారు. పులిహోర ఖర్చు అల్లుడిది.

ఇక లోపాలు. మొదటి రెండు నెలలు ఈయన మోడరేషన్‌నూ (పైన చెప్పిన, బడి మార్కులను సర్దే పని) స్కేలింగ్‌నూ కలగలిపి మాట్లాడారు. స్కేలింగ్ యూనివర్సిటీ సీట్ల ర్యాంకు కోసం వేరే సంస్థ వేరే చోట చేసే పని. రెండూ ఒకటేననుకుని మా అమ్మాయి అర్ధరాత్రి నాకు ఫోను చేసింది. నేను వెళ్ళి అడిగితే మాత్రం భేషజం లేకుండా ఒప్పుకుని, పిల్లల ముందే దిద్దుకున్నారు. దిద్దిన జవాబు పత్రాల ఫొటోలు వారం ఆలస్యంగా వస్తాయి. మెటీరియల్ అని 1,200 అదనంగా తీసుకున్నారు. తెరిచి చూస్తే పాత ప్రశ్నపత్రాలు. నెసా వెబ్‌సైటులో అవి ఉచితం. చెప్పాను. ఇబ్బందిగా నవ్వారు, డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అన్నిటికన్నా కోపం వచ్చింది అక్టోబరులో. ఆ నెల మొదటి ఆదివారం సిడ్నీలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. మనకు ఒంటిగంటకు ఉండే క్లాసు పన్నెండుకు రావాలి. ఈయన మరిచిపోయి ఒంటిగంటకే కూర్చున్నారు. పరీక్షలు నెత్తిమీద ఉండగా పిల్ల గంటసేపు ఖాళీ తెర చూస్తూ ఉంది. మీ పిల్లలు అక్కడ ఉంటే ఆ శనివారమే ఫోను చేసి గుర్తుచేయండి. మెట్లు ఎక్కలేని వాళ్ళు ఫీజు ఫోనులోనే పంపండి, లిఫ్టు లేదు.

బడి తన తుది మార్కును పిల్లలకు చెప్పదు, వరస మాత్రం చూసుకోవచ్చు. మనవరాలిది బడిలో మూడో స్థానం. డిసెంబరులో ఫలితం వచ్చింది: పరీక్షలో 91, సర్దిన బడి మార్కు 89, చివరికి 90. ఆ 89లో రెండు మార్కులైనా ఆదివారాల పిల్లలవేనని దాని నమ్మకం. తేల్చి చెప్పడానికి నా దగ్గర ఆ నలుగురి మార్కులు లేవు. ఫిబ్రవరి నుంచి చిన్న మనవడిని కూడా ఈయన దగ్గరే వేస్తున్నాం, మెటీరియల్ వద్దని ముందే చెప్పి.