అట్లాంటా కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్: పై అంతస్తు చూడకుండా వచ్చేయకండి

మా అబ్బాయి ఎప్పట్నుంచో అడుగుతుంటే మొన్న శనివారం డౌన్‌టౌన్‌లో ఉన్న కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాం (అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న కాలేజీ ఆటగాళ్లు, కోచ్‌ల మ్యూజియం), జార్జియా టెక్‌లో ఎంఎస్ చేస్తున్న మా మేనల్లుడు కూడా వచ్చాడు. మాకు చాలా నచ్చింది. కానీ చాలామంది పిల్లల్ని కింద ఆడించి తీసుకెళ్లిపోతున్నారు, అసలు సరుకంతా పైన ఉంది.

లోపలికి వెళ్లగానే ఒక పాస్ ఇస్తారు, అందులో మనకి నచ్చిన కాలేజీ పేరు ఎక్కించుకోవచ్చు. ఎదురుగా మూడంతస్తుల ఎత్తు గోడ నిండా హెల్మెట్లే, 700 పైచిలుకు. మా మేనల్లుడు జార్జియా టెక్ పేరు ఎక్కించగానే గోడ మీద ఆ బంగారు రంగు హెల్మెట్ వెలిగింది. "మావయ్యా, అదిగో మాది!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. లోపలే 45 గజాల మైదానం కూడా ఉంది. మా అబ్బాయి తన్నిన బంతి ఒకటి గోల్ స్తంభాల మధ్య నుంచి వెళ్లింది, ఇక అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు.

బతిమాలి మూడో అంతస్తుకి తీసుకెళ్లాం. అక్కడ టచ్ స్క్రీన్ల మీద పాత ఆటగాళ్లు, కోచ్‌ల వివరాలు చూడొచ్చు. నేను వెతికింది జాన్ హైస్మన్ పేరు. ఏటా డిసెంబర్‌లో కాలేజ్ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికి హైస్మన్ ట్రోఫీ ఇచ్చారని వింటూనే ఉంటాం కదా, ఆ మనిషి ఇక్కడికి దగ్గర్లోనే, టెక్‌లో, 1904 నుంచి 1919 దాకా కోచ్‌గా పనిచేశాడని రోజూ టెక్ ఫుట్‌బాల్ స్టేడియం పక్కనుంచి క్లాసుకి వెళ్లే మా మేనల్లుడికే తెలీదు.

ఇంటికొచ్చాక ఆయన గురించి ఇంకా చదివాను. బ్రౌన్, పెన్సిల్వేనియా యూనివర్సిటీల టీముల్లో ఆడాడు, లా చదివాడు, 1892లో ఒబర్లిన్ కాలేజీలో కోచ్ అయ్యాడు, ఆ తర్వాత ఆబర్న్, క్లెమ్సన్ కాలేజీలు, 1904లో టెక్. అప్పట్లో బంతిని ముందుకి విసరకూడదు, గుంపులుగా ఒకళ్లమీద ఒకళ్లు పడి తోసుకోవడమే, ప్రాణాలు కూడా పోయేవి. విసరనివ్వండి అని పట్టుబట్టినవాళ్లలో ఈయన ఒకడు, 1906లో ఆ రూల్ వచ్చింది. ఇవాళ మనం సోఫాలోంచి లేచి కేకలు పెట్టే పాసులన్నీ అక్కణ్ణుంచి మొదలైనవే.

1916 అక్టోబర్ 7న కంబర్లాండ్ అనే కాలేజీ మీద 222-0తో గెలిచింది కూడా ఈయన టీమే. ఫస్ట్ హాఫ్‌కే 126. అంతకుముందు బేస్‌బాల్‌లో కంబర్లాండ్ 22-0తో టెక్‌ని ఓడించింది, టెక్ బేస్‌బాల్ టీమ్‌కీ ఈయనే కోచ్, అందుకే పగ తీర్చుకున్నాడంటారు. నాకు మాత్రం మింగుడుపడలేదు, సగంలోనే ఆపేయాల్సింది. "వాళ్లు ఏడ్చారా నాన్నా?" అని మా అబ్బాయి అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.

ఆ మరుసటి ఏడాదే టెక్‌ని జాతీయ ఛాంపియన్ చేశాడు. 1919లో విడాకులైనప్పుడు, భార్య ఏ ఊళ్లో ఉంటానంటే ఆ ఊళ్లో తను ఉండనని ఒప్పుకున్నాడట. ఆవిడ అట్లాంటా అంది. అన్నేళ్లు కష్టపడి నిలబెట్టిన టీమ్‌ని వదిలేసి వెళ్లిపోయాడు. అది చదివాక ఆ 222 మీద కోపం కాస్త తగ్గింది నాకు. 1936లో చనిపోయాక ట్రోఫీకి ఆయన పేరు పెట్టారు.

కారు వద్దు, మార్టా (అట్లాంటా సిటీ రైలు) ఎక్కి వెళ్లండి, మేం పెట్టిన ప్రైవేట్ పార్కింగ్‌లో మెషిన్ రెండుసార్లు డబ్బు లాగేసింది. మూడు గంటలు పెట్టుకోండి. ముందు పైకెళ్లి, ఆ తర్వాతే కింద మైదానానికి రండి, లేదంటే పిల్లలు పైకి రారు.