చొక్కా జేబులో విమానం ఎక్కే పెన్ను

హైదరాబాద్ నుంచి దోహా వెళ్తుంటే నా పాత ఇంకు పెన్ను తెల్ల చొక్కాకి నీలం బొట్టు పెట్టింది. క్యాబిన్‌లో ఒత్తిడి తగ్గితే పెన్నులోని గాలి వ్యాకోచించి ఇంకును బయటికి తోస్తుంది. సగం ఖాళీగా ఉన్న పెన్నుతో ఎక్కడం నా తప్పే.

ఇప్పుడు ఫిషర్ బుల్లెట్ అనే బాల్ పెన్ వాడుతున్నా. మూత పెడితే 9.5 సెంటీమీటర్లే, మూత వెనక తగిలిస్తే మామూలు పెన్నంత. రీఫిల్‌లో ఒత్తిడితో గ్యాస్ నింపి మూసేస్తారు, అందుకే తలకిందులుగా పట్టుకున్నా రాస్తుంది. ఇలాంటి రీఫిలే 1968లో అపోలో 7తో అంతరిక్షానికి వెళ్లింది.

మొన్న పక్క సీటు పెద్దాయన బోర్డింగ్ పాస్ వెనక అల్లుడి నంబరు రాసుకోవడానికి "బాబూ, పెన్నుందా?" అన్నారు. ఇస్తే అటూ ఇటూ తిప్పి, "ఇది లిప్‌స్టిక్ కాదు కదా!"

క్లిప్ కావాలంటే చూసి కొనండి, నాది క్లిప్ లేనిది. రాత మాత్రం బాల్ పెన్ రాతే. ఇంకు పెన్ను మోజు ఇంటి దగ్గర తీర్చుకుంటున్నా.