పాత నెట్‌బుక్ మీద యాంటిక్స్ లినక్స్: సిస్టమ్ తేలికే, వెబ్‌సైట్లే బరువు

పది అంగుళాల నెట్‌బుక్ ఒకటి ఏళ్ల తరబడి అటక మీదే ఉంది. ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, లోపల విండోస్ ఎక్స్‌పీ. ఎక్స్‌పీకి 2014లోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి నెట్‌కి కలపాలంటే భయం, పారేద్దామంటే కీబోర్డు ఇంకా కొత్తదానిలా ఉంది. లినక్స్ వేద్దామంటే ఈ ప్రాసెసర్ పాతకాలపు 32 బిట్‌ది, ఇప్పటి లినక్స్ రకాలు చాలావరకు 64 బిట్‌కే వస్తున్నాయి. వాటిలో లుబుంటు 19.04 నుంచే 32 బిట్‌కి దణ్ణం పెట్టేసింది, డెబియన్ 13కి ఆ ఇన్‌స్టాలరే లేదు. చివరికి పాత కంప్యూటర్ల మీద కూడా నడిచే తేలికపాటి లినక్స్, యాంటిక్స్-23 దొరికింది. 2023లో వచ్చింది, డెబియన్ 12 ఆధారంగా చేసింది, 32 బిట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసుకునే ఫైల్) విడిగా ఇస్తున్నారు.

ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూశాను, హార్డ్‌డిస్క్ జోలికి పోలేదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ ‘demo’ అనే మాటే. చేసిన మార్పుల్ని పెన్‌డ్రైవ్‌లోనే దాచుకునే ఏర్పాటు కూడా ఉంది, చాలామందికి అదే సరిపోతుంది కూడా. నాకు రెండు రోజుల్లో నమ్మకం కుదిరింది, ఇన్‌స్టాల్ చేసేశాను.

పూర్తి డెస్క్‌టాప్ బదులు ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్‌తో వస్తుంది, చాలా లినక్స్‌లలో వెనకాల సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ ఇందులో ఉండదు. ఏమీ తెరవకుండా ఉంటే నా దాంట్లో ర్యామ్ 200 ఎంబీ కూడా తినడం లేదు. మెనూ నొక్కిన వెంటనే తెరుచుకుంటుంది, టైప్ చేస్తుంటే అక్షరం వెనకబడదు. లిబ్రే ఆఫీస్ తెరుచుకోవడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది, ఒకసారి తెరుచుకున్నాక బాగానే నడుస్తుంది. చూడ్డానికి మాత్రం పాతకాలం వాలకమే, మెనూల నిండా పేరు చూస్తే పనేంటో అర్థంకాని టూల్స్. మొదటి వారం నేను సగం టైమ్ వెతుక్కోవడంలోనే గడిపాను.

ఇంకోటి, 1024x600 స్క్రీన్‌లో కొన్ని విండోల కింద ఉండే ఓకే బటన్ కనబడదు. ఆల్ట్ కీ పట్టుకుని మౌస్‌తో విండోని పైకి లాగాలి. ఇది తెలియక ఒక సెట్టింగ్ దగ్గర అరగంట కొట్టుకున్నాను, నవ్వకండి.

అసలు చిక్కంతా బ్రౌజర్ దగ్గరే. ఫైర్‌ఫాక్స్‌లో ఒక వార్తల సైట్, ఒక మెయిల్ తెరిస్తే చాలు, 1 జీబీ నిండి స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు వాడే హార్డ్‌డిస్క్ జాగాలోకి) పోతుంది, ఇక మౌస్ బాణం కూడా కదలదు. సిస్టమ్ ఎంత తేలికైనా వెబ్‌సైట్ల బరువు తగ్గదు కదా, ఇందులో యాంటిక్స్ తప్పేం లేదు. పైగా 144వ వెర్షన్ తర్వాత ఫైర్‌ఫాక్స్ 32 బిట్ లినక్స్‌ని వదిలేసింది, మిగిలింది ఎక్కువ కాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే రకం, ఈఎస్ఆర్ 140 ఒక్కటే. ఒకే ట్యాబ్‌తో సర్దుకుంటున్నాను.

రాసుకోవడం, పీడీఎఫ్‌లు చదవడం, పాటలు వినడం వరకైతే కళ్లు మూసుకుని వేసుకోండి. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకి ఇంత సర్దుబాటు అక్కర్లేదు, లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వచ్చేది వేసుకుంటే హాయిగా ఉంటుంది.