కైరో నుంచి అలెగ్జాండ్రియా ‘అన్నీ కలిపిన’ ప్యాకేజీ కొంటున్నారా? జాగ్రత్త

ఒక్క రోజులో అలెగ్జాండ్రియా మొత్తం చూపిస్తాం, టికెట్లు, భోజనం, గైడు అన్నీ ఇందులోనే అని ముందే డబ్బు కట్టించుకునే ప్యాకేజీ మేము కొన్నాం. ఊరి కంటే దుకాణాలే ఎక్కువ చూశాం. ఈజిప్టు ప్రయాణానికి సిద్ధమవుతున్నవాళ్లు డబ్బు కట్టకముందే ఇది చదవాలని రాస్తున్నాను.

కైరో నుంచి రోడ్డు మీద దాదాపు 220 కిలోమీటర్లు. రానుపోను ప్రయాణానికే ఐదారు గంటలు పోతాయి. మిగిలిన కాస్త సమయంలో మమ్మల్ని ముందు అత్తరు దుకాణానికి, ఆ తర్వాత పాపిరస్ (నీటి మొక్క కాడలతో చేసే ప్రాచీన కాగితం) దుకాణానికి తీసుకెళ్లారు. మా అమ్మ చరిత్ర టీచరుగా పనిచేసి రిటైరయింది. ఆమె ఈ ఊరు వచ్చిందే కోమ్ ఎల్ షొకాఫా భూగర్భ సమాధుల కోసం. నక్క తల ఉన్న అనుబిస్ దేవుడు అక్కడి గోడ మీద రోమన్ సైనికుడి వేషంలో నిలబడి ఉంటాడు. మేము చేరేసరికి గేటు మూసేశారు. “రేపు రండి” అన్నాడు గైడు. మర్నాడే మా తిరుగు విమానం. పక్కనే ఉన్న స్తంభాన్ని బస్సులోంచే చూపించి, అది రోమన్ సేనాని పాంపే సమాధి అని చెప్పాడు. కాదు, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ గౌరవార్థం నిలిపిన స్తంభమని అమ్మే మాకు వివరించింది. కూలిపోయిన ఫారోస్ దీపస్తంభం ఉన్న చోట 1477లో కట్టడం మొదలుపెట్టిన ఖైత్‌బే కోట దగ్గర ఫొటోలు తీసుకునేంత సేపే ఆపారు.

ఇక పాపిరస్ సంగతి. దుకాణంలో ఒకతను పాపిరస్ కాడ తొక్క ఒలిచి, లోపలి తెల్లని దవ్వను పల్చటి పట్టీలుగా కోసి, నానబెట్టి, ఒక వరస అడ్డంగా, ఒక వరస నిలువుగా పేర్చి, బరువు కింద అణచి చూపిస్తాడు. ఆ పద్ధతి నిజమైనదే. ఈ నగరపు ప్రాచీన గ్రంథాలయంలోని చేతిరాత చుట్టలు అలా తయారైన రేకులే. కానీ అమ్మేది వేరు. మాకు అంటగట్టింది అరటి నారతో చేసిన రేకు, దాని మీద యంత్రంతో అచ్చువేసిన బొమ్మ. చేత్తో గీసిందని ధ్రువపత్రం కూడా ఇచ్చారు. హోటల్లో గొట్టంలో పెట్టడానికి చుట్టగానే అంచు ఫట్‌మని విరిగింది. పాపిరస్‌కు పుట్టినిల్లయిన దేశంలో, ఆ చుట్టలతోనే పేరు తెచ్చుకున్న నగరంలో ఇలా చేయడం నాకు చాలా బాధ కలిగించింది.

కొనేముందు రేకును వెలుతురుకు ఎత్తి చూడండి. అసలైనదాంట్లో అడ్డం, నిలువు పట్టీల అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. మెల్లగా చుట్టి చూస్తాననండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. ఒకే బొమ్మ గీత కూడా తేడా లేకుండా నాలుగైదు రేకుల మీద ఉంటే అది అచ్చే.

కోట బయట పాత నాణేలు, చిన్న విగ్రహాలు చూపించేవాళ్లు కూడా వస్తారు. వాటి జోలికి అసలు పోవద్దు. 1983 నాటి 117వ నంబరు చట్టం ప్రకారం అక్కడ పురావస్తువుల వ్యాపారం, వాటిని దేశం దాటించడం నేరం. నకిలీదైతే డబ్బు పోతుంది, అసలుదైతే జైలు.

ప్యాకేజీయే కావాలనుకుంటే ఏ స్థలంలో ఎంతసేపు ఆపుతారో, దుకాణాలకు తీసుకెళ్లబోమని కూడా రాతపూర్వకంగా తీసుకుని, ఆ తర్వాతే డబ్బు కట్టండి. సమాధులు ముందు, భోజనం తర్వాత అని పట్టుబట్టండి. నన్నడిగితే కైరోలోని రామ్‌సెస్ స్టేషన్‌లో ఉదయం రైలెక్కి, ఒక రాత్రి అలెగ్జాండ్రియాలో ఉండటం ఎంతో మేలు. 2002లో ప్రారంభమైన కొత్త గ్రంథాలయానికే ఒక పూట పడుతుంది.

ఫిర్యాదు చేస్తే దుకాణంతో తమకు సంబంధం లేదని ప్యాకేజీ వాళ్లు అన్నారు. దుకాణం వాళ్లు ఫోను ఎత్తడం లేదు. కార్డుతో కట్టాం కాబట్టి రసీదు, ధ్రువపత్రం, విరిగిన రేకు ఫొటోలు జతచేసి మా బ్యాంకుకు ఫిర్యాదు పంపాను. మీకూ ఇలా జరిగితే అక్కడ ఉండగానే 126కు ఫోను చేయండి, అది పర్యాటక పోలీసుల నంబరు.